మా అత్తగారు మైకు లాక్కొనుటకు గల కారణములు

అత్యవసర పరిస్థితుల నిర్వహణాధికారి వారి సముఖమునకు,

అయ్యా,

విషయం: ఐసు ఫ్యాక్టరీలో గ్యాసు లీకైన రోజున మా అత్తగారు ప్రభుత్వ మైకును బలవంతంగా లాక్కుని, అనుమతి లేకుండా తెలుగులో మాట్లాడినారన్న అభియోగంపై సంజాయిషీ, మరియు మా వీధికి కట్టిన పసుపు రిబ్బను విప్పించుట గురించి.

పై విషయమై తమకు మనవి చేసుకొనునది ఏమనగా, నేను ఐసు ఫ్యాక్టరీ వెనక వీధిలో మొదటి ఇంట్లో కాపురముంటూ, ముందు గదిలో మిషను వేసుకుని బట్టలు కుట్టి జీవించువాడను. సదరు అత్తగారు నా భార్యకు కన్నతల్లి. మామగారు పోయినప్పటి నుంచి మా దగ్గరే ఉంటున్నారు. తమరు పంపిన నోటీసు ఆమె చేతికే అందింది. అది మొత్తం ఇంగ్లీషులో ఉన్నందున ఆమె నాకిచ్చారు, నేను నా భార్యకిచ్చాను, నా భార్య తిప్పి ఆమెకే ఇచ్చింది. చివరకు ఎదురింటి మాస్టారు చదివి చెప్పాక మా నేరం ఏమిటో మాకు తెలిసింది. ఆ రోజు జరిగింది జరిగినట్టు ఈ దిగువ వరుసగా విన్నవించుకుంటున్నాను.

1. సదరు రోజు ఉదయం ఐసు ఫ్యాక్టరీలో గొట్టమేదో పగిలి అమ్మోనియా గ్యాసు బయటికి వచ్చింది. ఈ సంగతి తమకు తెలుసు. మాకు అప్పటికి తెలియదు. ఎవరో పురుగుల మందు కాలవలో పారబోశారని తిట్టుకుంటున్నాం. అంతలో తమ కార్యాలయపు మైకు బండి మా వీధిలోకి వచ్చింది. అందులో కూర్చున్న మనిషి చేతిలో కాగితం చూస్తూ, "షెల్టర్ ఇన్ ప్లేస్! షెల్టర్ ఇన్ ప్లేస్!" అని చదువుకుంటూ అటు నుంచి అటే వెళ్ళిపోయాడు.

వీధి వీధంతా గుమ్మాల్లోకి వచ్చింది. మా వీధిలో ఇంగ్లీషు వినబడితే అందరి చూపూ ఎదురింటి మాస్టారి వైపే తిరుగుతుంది. ఆయన బడిలో ఇంగ్లీషు చెప్పి రిటైరైన పెద్దమనిషి. మందు సీసా మీద రాసింది గానీ, బ్యాంకు వాళ్ళ ఉత్తరం గానీ ఆయన చదివి తల ఊపితేనే మేం నమ్ముతాం.

"మాస్టారూ, ఏమంటున్నాడు?" అని అడిగాను.

ఆయన కళ్ళజోడు సర్దుకున్నారు. "షెల్టర్ అంటే ఆశ్రయం. ప్లేస్ అంటే చోటు. ఆశ్రయం ఉన్న చోటికి పొమ్మంటున్నాడోయ్."

"అలాంటి చోటు ఎక్కడుందండీ?" అంది నా భార్య.

"అదేంటమ్మా, రోడ్డు మీద ఇంతింత అక్షరాలతో షెల్టర్ అని రాసి పెట్టారుగా!"

ఆయన చెప్పింది బస్ షెల్టరు. సదరు బస్ షెల్టరు ఐసు ఫ్యాక్టరీ ప్రహరీగోడను ఆనుకుని ఉన్నదని మనవి.

ఎక్కడి వాళ్ళు అక్కడే, ఇళ్ళలో తలుపులు బిగించుకుని ఉండమనడం ఆ మాటకు అర్థమని తర్వాత ఆసుపత్రిలో ఒక నర్సు మాకు చెప్పింది. "ఇంట్లో ఉండండి, తలుపులేసుకోండి." ఇంతే గదా అయ్యా! ఈ నాలుగు ముక్కలూ తమ కార్యాలయంలో ఎవరికీ రావా? కోపంతో ఈ వాక్యం రాశాను. కొట్టేస్తే కాగితం పాడవుతుందని ఉంచేశాను.

2. మేమందరం బస్ షెల్టరుకు పరిగెత్తాం. నేను నా చిన్న కూతుర్ని చంకనేసుకున్నాను. మా అత్తగారు మాత్రం, "నీళ్ళు తోడుకున్నాను. తల మీద నాలుగు చెంబులు పోసుకుని వస్తా, మీరు పొండి" అని స్నానాల గదిలోకి వెళ్ళారు. మాస్టారి అక్కగారికి బొత్తిగా చెవుడు. తమ్ముడు ఎంత పిలిచినా ఆమెకు వినబడలేదు. లోపలి గదిలో కిటికీ మూసుకుని పడుకునే ఉన్నారు. ఆ విధంగా తమ ఆదేశాన్ని మా వీధిలో తు.చ. తప్పకుండా పాటించిన ఏకైక పౌరురాలు ఆమేనని తమ రికార్డులకు ఎక్కించగోరుతాను.

ముందుగా వెళ్ళినవాళ్ళు బెంచీ మీద చోటు దొరికిందని సంబరపడ్డారు. తర్వాత వచ్చినవాళ్ళు జరగండి జరగండి అని తోసుకున్నారు. అంతలోనే గోడ మీదుగా తెల్లటి పొగ దిగింది. కళ్ళలో కారం కొట్టినట్టయింది. గొంతులో మంట. ఒకరి మీద ఒకరు పడి దగ్గుతున్నాం. అయినా ఒక్కరూ కదల్లేదు. పొమ్మని చెప్పినది ప్రభుత్వం. ప్రభుత్వం చెప్పిన చోటే ఇలా ఉంటే మిగతా చోట్ల ఇంకెలా ఉందోనని భయపడ్డాం.

అప్పుడు మైకు బండి పెద్ద రోడ్డు మీద మళ్ళీ వచ్చింది. ఈసారి మాట మారింది. "ఇవాక్యుయేట్! ఇవాక్యుయేట్!" అని చదివాడట. మా దగ్గుల మధ్య మాకు దాని తోకే వినబడింది. "వెయిట్, వెయిట్" అన్నట్టుంది. ఆ మాట మాకు కొట్టినపిండి. తమ కార్యాలయంలో మేం నేర్చుకున్న మొదటి ఇంగ్లీషు మాటే అది. అందుచేత వెయిట్ చేశాం.

అయ్యా, ఒక్క సంగతి. ఆ మాట మాస్టారికి సరిగ్గానే వినబడింది. ఖాళీ చేసి పొమ్మని దాని అర్థమని ఆయనకు తెలుసు. లేచి నిలబడి చెప్పబోయారు. గొంతు రాలేదు. రెండు చేతులూ పైకెత్తి అటూ ఇటూ ఊపారు. కంగారుపడొద్దు, కూర్చోమంటున్నారనుకుని లేచినవాళ్ళు కూడా కూర్చున్నారు. ఆయన అలా ఊపుతూనే కిందపడ్డారు.

నా భుజం మీద పిల్ల అప్పటిదాకా దగ్గుతూనే ఉంది. తర్వాత దగ్గడం మానేసింది. దగ్గినంతసేపూ భయపడ్డాను. మానేశాక భయపడటం కూడా చేతకాలేదు. నా భార్య పిల్ల చెంపలు తడుతూ, "ఏవండీ, ఇది పలకట్లేదండీ" అంటోంది. నేను రోడ్డు మీది బండిని చూస్తూ, ఇంకో మాట ఏమైనా చెబుతాడేమోనని ఎదురుచూస్తున్నాను. దీన్ని ఏ కాలమ్‌లో రాయాలో తమరే సెలవివ్వాలి.

3. ఇక మైకు సంగతి. మా అత్తగారు తలారా నీళ్ళు పోసుకుని, తడి తువ్వాలు ముక్కుకీ నోటికీ చుట్టుకుని బయటికొచ్చారు. మనవరాలి కోసం వెతుక్కుంటూ పెద్ద రోడ్డెక్కారు. అక్కడ బండికి అడ్డంగా నిలబడ్డారు. తర్వాత జరిగిన సంభాషణను మైకు మనిషి స్వయంగా మాకు చెప్పాడు. విచారణలోనూ ఒప్పుకున్నాడు.

"ఏం నాయనా, ఏంటి చదువుతున్నావు?"

"కాగితంలో ఏముంటే అది చదువుతున్నానమ్మా."

"దాని అర్థమేంటి?"

"నాకిచ్చింది కాగితమే. అర్థం ఆఫీసులో ఉంటుంది."

"అదిగో, అక్కడ జనం దగ్గి చస్తున్నారు కనబడట్లా?"

"కనబడుతున్నారమ్మా. కానీ దాని గురించి కాగితంలో లేదు."

అప్పుడు ఆమె మైకు లాక్కున్నారు. లాక్కున్న మాట నిజం. ఒప్పుకుంటున్నాం. ఆమె చెప్పింది ఇది: "ఒరేయ్ బస్టాపులో నిలబడ్డ గాడిదల్లారా! పొగ మీ నెత్తి మీదే ఉంది! ఇటు రండి, రోడ్డు మీదికి, పరిగెత్తండి! పిల్లల మూతికి గుడ్డ కట్టండి! ఇళ్ళలో ఉన్నవాళ్ళు కదలకండి, తలుపు సందుల్లో తడిగుడ్డలు కుక్కండి! అల్లుడూ, నా మనవరాలికేమన్నా అయిందో నీ తాట తీస్తా!"

ఒక్క మాట కూడా ఎవరూ ఎవర్నీ అడగవలసిన పని పడలేదు. నేను పిల్లను నా భార్యకిచ్చి, మాస్టార్ని వీపున వేసుకుని పరిగెత్తాను. రోడ్డు మీద గాలి తగిలాక, మా అత్తగారు తన తువ్వాలు పిండి పిల్ల ముఖం తుడిచాక, పిల్ల కెవ్వున ఏడ్చింది. ఆ ఏడుపు విని నేను రోడ్డు మధ్యలో కూలబడ్డాను. ప్రజా రవాణాకు అంతరాయం కలిగించాననే అభియోగం ఉంటే అది నా మీద వేయగలరు.

4. నోటీసులోని "అసభ్య పదజాలం" అను అంశంపై వివరణ: "గాడిదల్లారా" అన్నది బహువచనమే అయినా ముఖ్యంగా నన్ను ఉద్దేశించినది. ఇంట్లో నాకది అలవాటే. దానిపై నాకు గానీ, వీధిలో మిగతావారికి గానీ అభ్యంతరం లేదు. అందరూ సంతకాలు చేస్తామన్నారు. కాకపోతే గాడిదలుగా సంతకం చేయాలా, పౌరులుగా చేయాలా అన్న సందేహం తేలక ఆగారు.

5. గ్యాసు ఆగింది. ఫ్యాక్టరీకి తాళం పడింది. తర్వాత తమ సిబ్బంది వచ్చి మా వీధికి అటూ ఇటూ పసుపు రిబ్బను కట్టారు. మా అత్తగారు రిబ్బను కడుతున్న కుర్రవాడిని అడిగారు.

"ఇదేంటి బాబూ?"

"కార్డన్ అమ్మా."

"కార్డన్ అంటే?"

"పెరిమీటర్."

"అంటే?"

"జోన్ చుట్టూ ఉండే బఫర్."

"బఫర్ అంటే?"

"అబ్బా, అదేనమ్మా, కార్డన్!"

గ్యాసు వాసన పోయి చాలా కాలమైంది. రిబ్బను పోలేదు. ఒకవైపు దాని మీద వీధివాళ్ళు బట్టలు ఆరేసుకుంటున్నారు. రెండోవైపు సరిగ్గా నా కొట్టు ముందుంది. లోపలికి రాకూడదు కాబట్టి వచ్చిన ఒకరిద్దరు రిబ్బను అవతలే నిలబడితే, ఇవతల నుంచి చేతులు చాపి కొలతలు తీస్తున్నాను. ఛాతీ, నడుము వరకూ పరవాలేదు. పొడవు మాత్రం దైవాధీనంగా కుడుతున్నాను. ఇటీవల ఒక పెళ్ళికొడుకు నేను కుట్టిన ప్యాంటుతో తమ కార్యాలయం ముందు నుంచే వెళ్ళాడు. తమరు చూసి ఉంటే ఈ కష్టం ఎటువంటిదో వేరే చెప్పనక్కరలేదు.

రిబ్బను తీయించండని తమ కార్యాలయంలో గుమాస్తాగారిని అడిగాను. "కార్డన్ ఎత్తేయాలంటే ఉత్తర్వు కావాలయ్యా" అన్నారు. ఇప్పించండి అన్నాను. వెతికారు. "కార్డన్ వేసినట్టే ఉత్తర్వు లేదు. వెయ్యని దాన్ని ఎలా ఎత్తుతాం?" అన్నారు. మరి కట్టి ఉందిగా అన్నాను. "కట్టి ఉంది. వెయ్యలేదు" అన్నారు. పోనీ మేమే తెంపేస్తామంటే, "తెంపితే కార్డన్ ఉల్లంఘన కేసు" అన్నారు. ముందు నుయ్యి, వెనక గొయ్యి అంటారే, మాకు అటూ రిబ్బనే, ఇటూ రిబ్బనే.

6. విచారణ రోజున నేను, మా అత్తగారు తమ కార్యాలయానికి హాజరైనాము. తమరు సెలవులో ఉన్నందున ఉప అధికారిగారు విచారించినారు. మంచి మనిషి. కుర్చీ వేయించారు, మంచినీళ్ళు ఇప్పించారు.

"ప్రకటన చేసే అధికారం మీకు ఎవరిచ్చారమ్మా?" అని అడిగారు.

"ఎవరూ ఇవ్వలేదు నాయనా. ఇచ్చేదాకా ఆగితే వినేవాళ్ళు మిగలరని చేశాను."

"అదంతా సరే. ఒక క్షమాపణ కాగితం ఉంది. సంతకం పెట్టేయండి, నోటీసు కొట్టేస్తాను."

"దేనికి క్షమాపణ?"

"కార్డన్ ప్రోటోకాల్ డిసోబీడియన్స్‌కి."

"అంటే ఏంటి?"

ఉప అధికారిగారు గుమాస్తాగారి వైపు చూశారు. గుమాస్తాగారు పంకా వైపు చూశారు. పంకా తిరగడం లేదు. "అంటే... మీరు కార్డన్ ప్రోటోకాల్‌ని డిసోబే చేశారని" అన్నారు గుమాస్తాగారు.

మా అత్తగారు ఆయన్ను కాసేపు జాలిగా చూశారు. "నేను చేసిన తప్పేంటో మీరు నాకు అర్థమయ్యేట్టు చెప్పండి. చెబితే ఇక్కడే, ఇందరి ముందూ చేతులు జోడిస్తాను. అర్థం కాకుండా సంతకం పెడితే, అర్థం కాకుండా బస్టాపుకి పరిగెత్తినవాళ్ళకీ నాకూ తేడా ఏముంది?" అన్నారు.

ఉప అధికారిగారు కలం మూత పెట్టి, తెలుగు అనువాదం వచ్చేవరకు విచారణ వాయిదా వేసినారు. ఆ అనువాదం ఎవరు చేయాలో ఇంతవరకూ తేలలేదు.

7. ఇది అభియోగానికి సంబంధించినది కాదు. అయినా రాస్తున్నాను. మాస్టారు ఆసుపత్రి నుంచి ఇంటికి వచ్చారు. ప్రాణం దక్కింది గానీ గొంతు దక్కలేదు. గుసగుసగానే మాట్లాడగలరు. ఆ రోజు నుంచి ఆయన గుమ్మం దాటలేదు. నోటీసు చదివించుకోవడానికి కూడా మేమే లోపలికి వెళ్ళాం. చదివి, అర్థం చెప్పి, కాగితం మడిచి ఇచ్చేసి, గోడ వైపు తిరిగి కూర్చున్నారు.

"అమ్మా, నేను చెప్పబట్టే కదా అందరూ అక్కడికి వెళ్ళారు" అన్నారు. "బతుకంతా చెప్పాను ఆ భాష. నా పాఠం విని పసిపిల్ల చచ్చిపోబోయింది."

ఎవర్నయినా ఎత్తిపొడవడానికి తడుముకోని మా అత్తగారు, ఆ పూట మాటల కోసం తడుముకున్నారు. తర్వాత ఆయన మంచం పక్కనే నేల మీద కూర్చుని, "మాస్టారూ, కాలుతున్న కొంపలో నిలబెట్టి వ్యాకరణం అడిగినవాళ్ళది తప్పు. చెప్పిన మీది కాదు" అన్నారు.

ఆయన తల ఊపలేదు. మేం వచ్చేశాం. వీధిలో ఆయన్ను ఒక్కరూ మాట అనలేదయ్యా. అనకపోవడమే ఆయనకు శిక్షయిందేమో తెలియదు. ఇప్పుడు మాకు ఇంగ్లీషు ఉత్తరం వస్తే ఎవరింట్లో వాళ్ళం దాచుకుంటున్నాం.

కావున తమతో మా ప్రార్థన ఏమనగా: మా అత్తగారి మీది నోటీసును రద్దు చేయవలెను. రద్దు కుదరనిచో ఆ క్షమాపణ కాగితంలో ఏముందో తెలుగులో చెప్పించవలెను. వెయ్యని కార్డనుకు కట్టిన రిబ్బనును విప్పించవలెను. ఇకముందు ప్రమాదం వస్తే, పారిపోవాలంటే పారిపొమ్మని, ఉండాలంటే ఉండమని, మా అమ్మలు మమ్మల్ని ఏ మాటలతో అదిలించేవారో ఆ మాటలతోనే చెప్పించవలెను. పెద్ద మనసుతో ఈ వీధి గోడు చిత్తగించవలెను.

ఇట్లు,
తమ విధేయుడు,
ఐసు ఫ్యాక్టరీ వెనక వీధి దర్జీ
(ముద్దాయి అల్లుడు)

తా.క.: అయ్యా, ఈ అర్జీ కవరులో పెట్టి అంటించబోతుండగా ఒక విశేషం జరిగింది. అందుకని మళ్ళీ విప్పి రాస్తున్నాను. తమ మైకు బండి మా వీధి మొదట్లో ఆగింది. అదే మనిషి. కొత్త కాగితం. "స్టాండ్ డౌన్! స్టాండ్ డౌన్!" అని చదివాడు. మావాళ్ళలో స్టాండ్ విన్నవాళ్ళు లేచి నిలబడ్డారు, డౌన్ విన్నవాళ్ళు కూర్చున్నారు. రెండూ విన్న మా పక్కింటాయన గోడ పట్టుకుని సగం వంగి ఆగిపోయాడు. పిల్లల్ని లోపలికి లాగాలా, బయటికి లాగాలా తెలియక నా భార్య ఏడుపు మొదలుపెట్టింది.

అప్పుడు ఎదురింటి తలుపు తెరుచుకుంది. మాస్టారు లుంగీతోనే, చెప్పులు కూడా లేకుండా రోడ్డు మీదికి వచ్చారు. ఆయన్ను బయట చూసి వీధంతా బిగుసుకుపోయింది. నేరుగా మా అత్తగారి దగ్గరికి వెళ్ళి చెవిలో ఏదో చెప్పారు. ఆమె, "నిజమేనా మాస్టారూ? ఈసారి ఖాయమేనా?" అని అడిగారు. ఆయన తల ఊపారు.

ఆమె రిబ్బను కిందుగా దూరి బండి దగ్గరికి వెళ్ళారు. ఈసారి లాక్కోలేదని తమరు గమనించాలి. మైకు మనిషే దిగి, కాగితం జేబులో పెట్టుకుని, మైకు ఆమె చేతికిచ్చి, "చెప్పమ్మా, నేనూ వింటాను" అన్నాడు.

"అయిపోయిందటర్రా! ఇక భయం లేదట! ఎవరి పనులు వాళ్ళు చూసుకోవచ్చట! అల్లుడూ, ఆ రిబ్బను కత్తిరించు!" అని ఆమె చెప్పారు. నేను కత్తిరించాను. ఇందుకు నేనే బాధ్యుడను.

దీనికి కూడా తమరు నోటీసు పంపుతారని మాకు తెలుసు. పంపేటప్పుడు అందులో మాస్టారి పేరు తప్పకుండా చేర్చగలరు. పక్కనే కుర్చీ వేసుకుని కూర్చుని, మరిచిపోకుండా రాయమని ఆయనే గుసగుసగా పోరుతున్నారు.